ఒకే రికార్డులో ఇద్దరు పిల్లలు

మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. మా అవ్వ రెండు విషయాల్లో ఎవరి మాటా వినదు. ఆదివారం ప్రార్థన మానకూడదు, ఏడాది నిండని పిల్లలకు ఫొటో తీయకూడదు. మొదటిది బైబిల్లో ఉంది. రెండోది ఏ అధ్యాయంలో ఉందో చూపించమని నేను ఆమెతో ఎన్నిసార్లు గొడవపడ్డానో నాకే తెలియదు. "ఫొటో దిగితే పోరని ఆయుష్షు గుంజుకపోతదే. మీ బాపు తోడబుట్టినోళ్లు గట్లనే పోయిండ్రు," అనేది. ఆ కాలంలో జైనూర్ గుట్టల్లోకి ఫొటోలు తీసేవాడు ఎవడొచ్చాడే అని అడిగితే, "సదువుకున్నదానివి, నీతోని ఏం మాట్లాడుత తియ్," అని ముఖం తిప్పుకునేది. మా ఇంట్లో చివరికి నెగ్గేది ఎప్పుడూ ఆమె మాటే.

అందుకే మా చెల్లె మొదటి కొడుకు ఫొటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. నా ఫోన్‌లో మానేరు డ్యాం కట్ట మీద సాయంత్రాలున్నాయి. ఎవరిదో పెళ్లిలో వడ్డించిన బగారా అన్నం ఉంది. ఆఫీసులో కాలిపోయిన యూపీఎస్ కూడా ఉంది. వాడు మాత్రం లేడు. మా బాపు పోయిన మరుసటి ఏడు పుట్టాడని వాడికి బాపు పేరే పెట్టుకున్నాం. చర్చిలో అయ్యగారు నెత్తిన నీళ్లు చల్లి ఆ పేరు పిలిచినప్పుడు అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోయినవాడు మళ్లీ ఇంటికి వచ్చినట్టే అందరం సంబరపడ్డాం.

వాడికి పాకడం కూడా రాకముందే, ఒక వానాకాలం పొద్దున, జైనూర్ నుంచి ఉట్నూర్ ఆసుపత్రికి తీసుకుపోయే దారిలో ప్రాణం పోయింది. చెల్లె మొగుడు జీపు నడుపుతాడు. తన జీపులోనే, తన వెనక సీట్లోనే, పెళ్లాం ఒడిలోనే కొడుకు చల్లబడుతుంటే అతను ముందు చూసుకుంటూ స్టీరింగ్ పట్టుకుని పోయాడు. ఆ దారి సంగతి ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ లేచి బయటికి వెళ్లిపోతాడు. ఉట్నూర్ చేరేదాకా కూడా ఆగలేదు మా బంగారం. నాకు ఆ రోజు దేవుడి మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

తర్వాత ఏడాది దాటాక రెండోవాడు పుట్టాడు. బాపు పేరు నిలబడాలని వీడికీ అదే పేరు పెట్టారు. మా వైపు ఇది కొత్తేమీ కాదు. తాత పేరు ఒక పిల్లాడితో పోతే వెనక వచ్చినవాడు దాన్ని ఎత్తుకోవాలి. పేరు పిలిచేటప్పుడు చెల్లె ఒక్క క్షణం ఆగడం నేను గమనించాను.

ఇక నా పని చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కరీంనగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. హాస్పిటళ్లకు, కాలేజీలకు, గ్రానైట్ వ్యాపారులకు ప్రోగ్రాములు తయారు చేసి ఇస్తాం. తయారు చేసేది వేరేవాళ్లు. ఆ ప్రోగ్రాముల అడుగున సమాచారమంతా దాచుకునే డేటాబేస్ ఒకటి ఉంటుంది, దాని బాగోగులు నావి. అవ్వ తన దోస్తులకు "మా పెద్దపిల్ల కంప్యూటర్ల సామాన్లు సర్దుతది" అని చెప్తుంది. నవ్వొస్తుంది గానీ ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చెల్లె ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ చేను గట్టు మీదికి పోతేనే దొరుకుతుంది. గాలి హోరు వినిపిస్తోంది.

"అక్కా, నేను వాన్ని చూసిన."

"ఎవర్నే?"

"పెద్దోన్ని."

ఎండలో చేనంతా తిరిగి మతి తప్పిందేమో అనుకున్నాను. "ఏం మాట్లాడుతున్నవే? నీడకు పోయి కూసో ముందు," అని కసిరాను.

"జర ఇనరాదె," అంది. మెల్లగా చెప్పింది. అంతకు ముందు వారం చిన్నోడికి దగ్గు పట్టుకుంటే కరీంనగర్ తీసుకొచ్చారు. పెద్దోణ్ణి ఒకప్పుడు జలుబు ముదిరినప్పుడు చూపించిన పిల్లల హాస్పిటల్‌కే వెళ్లారు. నేను ఆ రోజు ఊళ్లో లేను, పనిమీద పెద్దపల్లి పోయాను. కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ నంబరు అడిగింది, బాబు పేరు అడిగింది, తల్లి పేరు అడిగింది. మూడూ కలిసిన రికార్డు ఒకటి దొరికింది. అద్దం అవతల స్క్రీన్ మీద అది తెరుచుకుంది.

దాంట్లో వాడు ఉన్నాడు. ఆ హాస్పిటల్లో పేరు రాసుకునేటప్పుడే కౌంటర్ మీది చిన్న కెమెరాతో పేషెంటు ఫొటో తీస్తారు. అప్పట్లో చెల్లెను వాణ్ణి కెమెరా ముందు ఎత్తి పట్టుకోమన్నారట. అది ఫొటో అని ఆమెకు తట్టలేదు, తట్టి ఉంటే అవ్వకు భయపడి వద్దనేది. వాడి మొత్తం బతుకులో వాడు దిగిన ఒకే ఒక్క ఫొటో అది. అది ఉందన్న సంగతి మాకెవరికీ తెలియదు.

"నా దిక్కే చూస్తుండక్కా. కండ్లు ఇంత పెద్దగ తెరిచి. గా పిల్లేమో, పుట్టిన తేది తప్పు ఎక్కినట్టున్నది అక్కా, సరిచేస్తున్న అన్నది. ఫొటో గూడ పాతదైంది, కొత్తది తీద్దాం, బాబును ఇటు తిప్పుండ్రి అన్నది. టక్కుమన్నది. అంతే. వాడు పోయిండు, వాని జాగల వీడు వచ్చిండు."

"మరి నోరు తెరిచి చెప్పొద్దానే? వాడు వేరే, వీడు వేరే అని?"

"ఎట్ల చెప్పాలె? ఒళ్లె వీడున్నడు గదా."

ఒడిలో బిడ్డ ఉండగా పోయిన బిడ్డ మాట ఎత్తకూడదు. ఎత్తితే ఈ బిడ్డకూ ఆ దారి చూపించినట్టే అని మా వైపు ఆడవాళ్ల నమ్మకం. చెల్లె పది చదివింది, ఫోన్‌లో పత్తి రేట్లు చూస్తుంది, కానీ ఆ కౌంటర్ ముందు ఆమె నాలుకను పట్టుకున్నది ఆ నమ్మకమే. ఆ కౌంటర్ అమ్మాయిని కూడా నేను తిట్టలేను. పేరు ఒకటే, తల్లి ఒకతే, నంబరు ఒకటే. తేదీ ఒక్కటే తేడా ఉంటే ఎవరైనా తేదీయే తప్పనుకుంటారు.

మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు చిన్నోణ్ణి మొగుడి చేతికిచ్చి బయట నిలబెట్టి, చెల్లె ఒక్కతే కౌంటర్ దగ్గరికి వెళ్లింది. పాత ఫొటో ఉందేమో చూడమని బతిమాలింది. ఆ అమ్మాయి పాపం రికార్డు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. పాత చీటీల్లో వెతికింది. లేదక్కా అంది.

"నీ పని గదే గదనె," అంది చెల్లె. "ఎట్లనన్న జేసి తియ్యి. నాకు వాని మొఖం యాదికి రాకపోతుందక్కా. కండ్లు మూసుకుంటే వీడే వస్తుండు. అందరు ఇద్దరిది ఒక్కటే మొఖం అంటరు. ఒక్కటి కాదక్కా. కాదని నాకు ఎర్కే, ఎట్ల కాదో చెప్పరాకపోతుంది." అప్పుడు ఏడ్చింది. గాలి హోరులో ఆ ఏడుపు తెగి తెగి వినిపించింది.

నేను "తీస్తా తియ్, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఊరడించడానికి అన్నది కాదు. నిజంగానే తీయొచ్చు అనుకున్నాను, ఎందుకంటే ఆ హాస్పిటల్ ప్రోగ్రాం మా ఆఫీసు ఇచ్చిందే, పైగా డేటాబేస్ దేన్నీ అప్పటికప్పుడు తుడిచెయ్యదని నాకు తెలుసు.

లోపల జరిగేది ఇది. డేటాబేస్ తన సరుకునంతా ఒకే కొలత గల పేజీలుగా చేసి డిస్క్ మీద పెట్టుకుంటుంది. ఒక్కో పేజీలో కొన్ని రికార్డులు ఉంటాయి. ఎవరైనా ఒక రికార్డును మారిస్తే, మేం వాడే రకం డేటాబేస్ పాతదాన్ని చెరిపి దాని మీద రాయదు. ఖాళీ ఉన్న చోట కొత్త రికార్డు రాసి, పాతదాని తల మీద "ఇది ఇక చెల్లదు" అన్న గుర్తు ఒకటి పెడుతుంది. ఎందుకంటే అదే సమయంలో లోపలి గదిలో డాక్టరు అదే రికార్డు చదువుతూ ఉండొచ్చు. ఆయన చూస్తున్నది ముగిసేదాకా ఆయనకు పాతదే కనబడాలి, సగం పాతా సగం కొత్తా కలగాపులగంగా కనబడకూడదు. కాబట్టి కాసేపు రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఎవరికి కనబడాల్సింది వాళ్లకు కనబడుతుంది.

ఆ అమ్మాయి సేవ్ నొక్కి, ఆ మార్పు ఖాయమైందని డేటాబేస్ ఒప్పుకునేదాకా, మా పెద్దోడు ఆ కంప్యూటర్‌లో చెల్లుబాటులోనే ఉన్నాడు. వాడు పోయిన సంగతి హాస్పిటల్‌కు తెలియదు కదా. వయసు దానంతటదే పెరుగుతూ వచ్చింది. మేము మట్టి కప్పి వచ్చాక కూడా, అక్కడ వాడికి ఏడాది నిండింది, ఆపైన నెలలు కూడా నిండాయి. లోకంలో వాడు బతికి ఉన్న చోటు అదొక్కటే, అది కూడా మా చెల్లె కౌంటర్ ముందు నిలబడి చూస్తుండగానే పోయింది.

ఫొటో పెద్దది కాబట్టి ఒక పేజీలో పట్టదు. దాన్ని ముక్కలు చేసి, ముక్కలకు వరుస నంబర్లు వేసి, వేరేచోట పెడుతుంది. అసలు రికార్డులో ఆ ముక్కల ఆచూకీ మాత్రమే రాసి ఉంటుంది. ఫొటో మార్చినప్పుడు పాత ముక్కల మీద కూడా చెల్లవన్న గుర్తే పడుతుంది, ముక్కలు అక్కడే పడి ఉంటాయి. కానీ ఇట్లా చెల్లనివన్నీ పోగుపడితే డిస్క్ నిండిపోతుంది. అందుకని డేటాబేస్‌లో ఊడ్చే ప్రోగ్రాం ఒకటుంది. చెత్త ఒక హద్దు దాటగానే అది లేచి పేజీలన్నీ తిరిగి, ఎవరికీ అక్కరలేని వాటి చోటును ఖాళీ అని రాసుకుని పోతుంది. ఖాళీ అని రాసినా లోపలి అక్షరాలు వెంటనే మాయం కావు. ఆ చోట కొత్తవాళ్లది ఏదైనా వచ్చి పడితేనే అవి పోతాయి. అంటే నా ఆశ అంతా ఒక్కదాని మీదే ఉంది. ఆ హాస్పిటల్‌కు ఆ వారంలో కొత్త పిల్లలు తక్కువ వచ్చి ఉండాలి.

వచ్చింది జ్వరాల కాలం. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పదన్నట్టు, పిల్లల హాస్పిటళ్లు కిటకిటలాడే రోజులవి. మరునాడు పొద్దున్నే నేను ఆఫీసుకు పోతూ ఆ వీధిలోంచి ఆటో పోనిమ్మన్నాను. క్యూ మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. ఒక్కొక్క తల్లి చేతిలో ఒక్కొక్క పిల్ల. వాళ్లందరి ఫొటోలూ తీస్తారు. ఆటోలో కూర్చుని ఆ పిల్లలను చూస్తుంటే నాకు జాలి కలగలేదు, భయమేసింది. నా మీద నాకే రోత పుట్టింది.

మా సారు దగ్గరికి పోయి ఆ హాస్పిటల్ సర్వర్ కాసేపు ఆపాలన్నాను. ఆయన చెడ్డవాడు కాదు గానీ క్లయింటు అంటే వణుకుతాడు. ఎందుకో చెప్పాను. ఆయన అంతా విన్నాడు, హాస్పిటల్ మేనేజరుకు నా ముందే ఫోన్ చేశాడు, కాసేపు అవునవునని తలూపి పెట్టేశాడు.

"ఆపరంట మేడం."

"ఏమన్నడు సార్?"

"ఏమంటడు. ఉన్న పిల్లలు లైన్ల ఉన్నరు అన్నడు."

అది దుర్మార్గం అయ్యుంటే బాగుండేది, తిట్టుకుని తేలికపడేదాన్ని.

"బ్యాకప్‌ల ఉండదా?" అన్నాడు సారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఫొటోలు బరువు, బ్యాకప్‌ల వద్దు అన్నది మీరే గదా సార్. పేషెంట్ల ఫొటోలు ఎవడడుగుతడు అన్నరు. ఇగో, అడిగేది వచ్చింది."

ఆయన తల దించుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మనిషిని అంతమాట అన్నందుకు నాకేమీ తృప్తి కలగలేదు, ఫొటోలు బ్యాకప్‌లోకి వచ్చి చేరనూ లేదు.

ఇంకో దారి కూడా ఉండేది. డేటాబేస్ ఏ మార్పునైనా ముందు ఒక చిట్టాలో రాసి, ఆ తర్వాతే తీరిగ్గా పేజీల్లోకి ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ చిట్టా చూసి మళ్లీ నిలదొక్కుకుంటుంది. ఒక్కోసారి ఆ చిట్టాలో పేజీ మొత్తం పాత రూపంతో సహా ఉంటుంది. కానీ పేజీలు డిస్క్ మీద భద్రంగా పడ్డాయని నమ్మకం కుదరగానే, ఆ చిట్టా ఫైళ్లనే మళ్లీ తిప్పి వాడుకుంటుంది. నేను చూసేసరికి ఆ వారం నాటివి ఒక్కటీ మిగల్లేదు. తనను తాను కాపాడుకోవడానికి దానికి ఎన్నో ఏర్పాట్లున్నాయి. ఖాయమైన మాటను అది ఎప్పుడూ పోగొట్టుకోదు. ఖాయం కాకుండా పోయినవాటిని, చెల్లకుండా పోయినవాటిని కాపాడాల్సిన పని దానికి ఎవరూ అప్పజెప్పలేదు.

చివరికి సారే ఒక మాట సాయం చేశాడు. మేనేజరుతో మళ్లీ మాట్లాడి, సర్వర్ నడుస్తుండగానే ఆ ఫైళ్ల నకలు ఒకటి తీసుకోవడానికి ఒప్పించాడు. తల్లి సంతకంతో కాగితం కావాలంటే చెల్లె ఉట్నూర్ పోయి రాసి పంపింది. నకలు తెచ్చుకుని, డేటాబేస్ ప్రోగ్రాంతో పని లేకుండా, ఆ ఫైళ్లను అక్షరం అక్షరంగా విప్పి చదవడం మొదలుపెట్టాను. అది చదివే పని కాదు, చెత్తకుప్పలో చెవికమ్మ వెతికే పని. వరసా క్రమమూ లేని గుర్తుల మధ్య ఎక్కడో ఒక పేరు, ఎక్కడో ఒక ఊరు తేలుతాయి.

రోజూ సాయంత్రం చెల్లె గట్టెక్కి ఫోన్ చేసేది. "దొరికిండా అక్కా?" అని అడిగేది. దొరికిందా అనేది కాదు. దొరికిండా అనేది. నేను "చూస్తున్ననే, ఇంక మస్తున్నది చూసేది" అని నసిగేదాన్ని. ఒకరోజు విసుక్కున్నాను కూడా, "రోజు చేస్తే రోజు దొరుకుతడా?" అని. అయినా మరునాడు మళ్లీ చేసింది.

వాడి రికార్డు ఆనవాలు దొరికింది. పేజీ అప్పటికే ఊడ్చి సర్ది ఉంది. సర్దగా మిగిలిన సందులో మా బాపు పేరు, దాని పక్కన వాడు పుట్టిన అసలు తేదీ, ఫొటో ముక్కల ఆచూకీ చెప్పే నంబరు కనబడ్డాయి. ఆ తేదీ చూడగానే కుర్చీలోంచి లేచి బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను. దొరుకుతాడనే అనుకున్నాను. మొదటిసారి గట్టిగా నమ్మాను.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి, ఎవరికీ చెప్పనిది. పేజీ నిండుగా ఉన్నప్పుడు, ఊడ్చే ప్రోగ్రాం రాకపోయినా, ఎవరైనా ఆ పేజీ తెరిచి చదివితే చాలు, డేటాబేస్ చదివే దారిలోనే అక్కడి చెల్లనివాటిని తోసేసి సర్దేస్తుంది. చూడటమే ఊడ్చడం అవుతుంది. చెల్లె అడిగిందని కౌంటర్ అమ్మాయి జాలిపడి ఆ రికార్డును తెరిచి చూసిన ఆ కాసేపట్లో ఏది ఎంత చెదిరిందో నేను తేల్చి చెప్పలేను. ఏమీ చెదరకపోయి ఉండొచ్చు కూడా. కానీ చెల్లెకు ఇది తెలిస్తే ఇక జన్మలో నిద్రపోదు. కొడుకు పోయాక వాడి కోసం ఆమె తనంతట తాను చేసిన పని ఆ ఒక్కటే. అందుకే చెప్పలేదు, చెప్పను.

ఫొటో ముక్కల కోసం వేరే ఫైలు వెతికాను. మొదటి ముక్క దొరికింది. రెండోది దొరికింది. దాని పక్కవి దొరికాయి. అవన్నీ ఒకే పేజీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఖాళీ అని గుర్తుపడ్డా వాటి మీదికి ఇంకా ఎవరూ రాలేదు. తర్వాతి పేజీకి పోయాను. ఆ పేజీలో కొత్త నంబరు ఉంది. ఎవరిదో ఇంకో పిల్లది. దాని తర్వాత ఇంకొకరిది. మా వాడి మిగతా ముక్కలు ఉండాల్సిన చోటంతా ఆ జ్వరాల క్యూలో నిలబడ్డ పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఎవరి కడుపున పుట్టినవాళ్లో. వాళ్లను ఏమనగలను? వాళ్లు మందులు తీసుకుని ఇంటికి పోయి ఉంటారు, బాగయ్యే ఉంటారు. బాగవ్వాలి కూడా. అయినా ఆ పూట వాళ్లు ఎవరూ పుట్టకుండా ఉంటే బాగుండునని నా మనసు అనుకుంది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు.

దొరికిన ముక్కలను వరుసలో అతికించి తెరిచాను. ఇట్లాంటి ఫొటో పై నుంచి కిందికి తెరుచుకుంటుంది. ముక్కలున్నంత మేర బొమ్మ వస్తుంది, లేని చోటంతా బూడిద రంగు పడుతుంది. ముందు గోడ వచ్చింది. గోడ మీద పోలియో చుక్కల పోస్టరు సగం వచ్చింది. తర్వాత చెల్లె నడినెత్తి పాపిట, నుదురు, కళ్లు, ముక్కు, నోరు వచ్చాయి. గడ్డం దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి కింద అంతా బూడిద.

బిడ్డను ఎత్తి పట్టుకున్నది గడ్డం కింద. కొంచెం పైకి ఎత్తి ఉంటే వాడి నెత్తి అయినా వచ్చేది. అది కూడా రాలేదు. నేను దాన్ని మూసి మళ్లీ తెరిచాను, ఇంకో ప్రోగ్రాంలో తెరిచాను, మిగతా ఫైలంతా మళ్లీ గాలించాను. గోడకు తల కొట్టుకున్నా గోడేం చేస్తుంది. సారు వెనక నుంచి వచ్చి చూశాడు. "మీ చెల్లెనా మేడం?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అడగకుండా వెళ్లి నాకు చాయ్ పంపించాడు. అది చల్లారి మీగడ కట్టేదాకా నేను ముట్టలేదు.

ఆ సాయంత్రం చెల్లె ఫోన్ మోగింది. ఎత్తలేదు. ఫోన్‌లో చెప్పే మాట కాదనుకున్నాను. శనివారం పొద్దున్నే బస్సెక్కి, జన్నారం మీదుగా ఉట్నూర్ పోయి, అక్కడి నుంచి జీపులో జైనూర్ దారి పట్టాను. వానకు గుట్టలన్నీ పచ్చగా ఉన్నాయి. పత్తి చేలల్లో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఏది చూసినా నాకు ఏమీ అనిపించలేదు. దారి పొడుగునా ఒకటే గుంజాటన. చూపించాలా, దొరకలేదని అబద్ధం చెప్పి ఊరుకోవాలా. దొరకలేదంటే రేపటి నుంచి ఆశ ఉండదు, అంతే. చూపిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. చూసే హక్కు చెల్లెకుంది అని చివరికి అనుకున్నాను. నాకు ధైర్యం ఉండి అనుకున్నది కాదు, ఒక్కదాన్ని మోయలేక అనుకున్నాను.

నేను పోయేసరికి అవ్వ కూడా అక్కడే ఉంది, చిన్నోణ్ణి జోలెలో వేసి ఊపుతోంది. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైనట్టుంది. చెల్లె మాత్రం చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి, జోలె కనబడని చోటికి లాక్కుపోయింది.

"తెచ్చినవా?"

"సగమే వచ్చిందే," అన్నాను. "నువ్వు గట్టిగ ఉండాలె."

"చూపియ్యి."

ఫోన్ తీసి చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో, ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. వేలితో కిందికి జరిపింది. బూడిద. ఇంకా జరిపింది. ఇక జరపడానికి లేదు.

"కిందిది?"

"రాలేదే. గా జాగల వేరే పిల్లల ఫొటోలు ఎక్కినయి."

"కొంచెం గూడ?"

"కొంచెం గూడ లేదు."

తల ఊపింది, నేను ఏదో బస్సు టైము చెప్పినట్టు. మళ్లీ పైకి జరిపి తన ముఖం దగ్గర ఆపింది. అప్పుడు నేను సరిగ్గా చూశాను ఆ ఫొటోను. ఆఫీసులో బూడిదనే చూశాను గానీ, పైనున్న మనిషిని చూడలేదు. కళ్లు కెమెరా వైపు లేవు. కిందికి, చేతుల్లోకి చూస్తున్నాయి. నిద్ర లేక లోపలికి పోయిన కళ్లు, నూనె లేని జుట్టు. అయినా పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతోంది. మా చెల్లె అట్లా నవ్వేదన్న సంగతే మరిచిపోయాను.

"వాడు అప్పుడు ఏదో చేసిండు," అంది చెల్లె. "ఏం చేసిండో యాదికి లేదు. దేనికి నవ్విన్నో యాదికి లేదు."

ఆమె ఏడవలేదు. నాకే ఏడుపాగక గోడకు ఆనుకున్నాను. కాసేపటికి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"తీసెయ్యక్కా దీన్ని."

"ఎందుకే? నీ ఫోన్‌ల ఉంచుకో. ఉన్నది గిదొక్కటే గదా."

"వద్దు. నీ ఫోన్‌ల గూడ వద్దు. నేను రోజు గామె మొఖం చూడలేను."

"ఎవరి మొఖమే? అది నువ్వే గదా."

"నేను గాదు," అంది. "గామెకు ఇంకా ఎర్కలేదు, వాడు పోతడని."